వేసేసిన ఫ్లోర్ టైల్స్ అంచులు గరుగ్గా, ఎత్తుపల్లాలుగా ఉంటే సరిచేసుకోవడం ఎలా

టైల్స్ పని అయిపోయి, గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపేది) ఆరిపోయి, సామాను సర్దేసుకున్నాక ఒకరోజు చెప్పుల్లేకుండా నడుస్తుంటే కాలివేలికి ఏదో గీసుకుంటుంది. వంగి చూస్తే ఏమీ కనపడదు. చేత్తో తడిమితే మాత్రం ఒక టైల్ అంచు పక్కదానికన్నా కాస్త పైకి లేచి బ్లేడులా తగులుతుంది. మా ఇంట్లో బాత్రూమ్ గుమ్మం దగ్గర ఇదే జరిగి మా అమ్మ చిటికెనవేలు తెగింది. టైల్స్ వేసినాయన్ని పిలిపిస్తే చూసి, "కొన్నాళ్ళకి అలవాటైపోతుందండీ" అని వెళ్ళిపోయాడు. అది అలవాటయ్యే విషయం కాదు. చివరికి నేనే కూర్చుని గంటన్నరలో, అదీ చేత్తోనే, సరిచేశాను. అప్పటి నుంచి ఇలాంటి అంచులు చాలానే సరిచేశాను కాబట్టి తెలిసింది తెలిసినట్టు రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఈ పనిలో నష్టాలన్నీ తొందరపడి గ్రైండర్ పట్టుకోవడం వల్లే జరుగుతాయి. టైల్ మీది గ్లేజు, అంటే పైన కాల్చి పట్టించిన గాజులాంటి పొర, ఒకసారి పోతే మళ్ళీ రాదు, ఏ పాలిష్ పెట్టినా రాదు. అందుకే అసలు లోపం ఏంటి, టైల్ ఏ రకం, ఎత్తు ఎంత అన్నవి తేలే వరకు టైల్ మీద ఏ రాయీ పెట్టకండి.

మొదటి పని: టార్చి, స్కేలు, పాత ఏటీఎం కార్డు

రాత్రి లైట్లన్నీ ఆర్పేసి టార్చిని నేలకి ఆనించి, వెలుగు నేల మీద పాకేలా వేయండి. పైకి లేచిన ప్రతి అంచు పక్కన సన్నని నీడ పడుతుంది. ఆ చోట్ల మాస్కింగ్ టేపు ముక్క అంటించండి. మార్కర్‌తో గీతలు పెట్టొద్దు, గ్లేజు లేని టైల్‌లోకీ రాయిలోకీ ఇంకు ఇంకిపోతే మరకగా ఉండిపోతుంది. అయితే టార్చి వెలుగు ప్రతి చిన్న తేడానీ కొండంత చేసి చూపిస్తుంది, ఆ నీడలన్నీ చూసి టెన్షన్ పడొద్దు. నీడ పడినవన్నీ సరిచేయక్కర్లేదు, కాలికి తగిలేవీ పగటి వెలుగులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించేవీ చూసుకుంటే చాలు.

ఇప్పుడు కొలత. స్టీలు స్కేలుని ఎత్తుగా ఉన్న టైల్ మీద బోర్లా గట్టిగా పెట్టి, దాని చివర పల్లంగా ఉన్న టైల్ మీదికి వచ్చేలా ఉంచండి. స్కేలుకీ పల్లపు టైల్‌కీ మధ్య ఉన్న సందే మీ ఎత్తు తేడా. ఆ సందులోకి పాత ఏటీఎం కార్డు దూర్చి చూడండి. ఆ కార్డులు ఏ దేశంలోనైనా ఒకే మందం, 0.76 మి.మీ. టైల్ పనికి చాలామంది పాటించే అమెరికన్ ప్రమాణం ఆన్సీ ఎ108.02 కూడా దాదాపు అదే గీత గీస్తుంది: జాయింటు (రెండు టైల్స్ మధ్య వదిలిన సందు) 6 మి.మీ. లోపు ఉంటే పక్కపక్క అంచుల మధ్య సుమారు 0.8 మి.మీ. తేడా వరకు ఒప్పుకుంటుంది, జాయింటు అంతకన్నా వెడల్పుంటే 1.6 మి.మీ. వరకు. దీనికి టైల్ తయారీలోనే వచ్చిన వంపు అదనంగా కలుస్తుంది. అంటే కార్డు దూరకపోతే అంచు మొన విరిస్తే (పదును పోయేలా కాస్త అరగదీస్తే) సరిపోతుంది. ఒక కార్డు దూరితే సరిచేయాల్సిందే. రెండు కార్డులు కలిపి పెట్టినా దూరిపోతుంటే అది అరగదీసే పని కాకపోవచ్చు, టైల్ మార్చడం గురించి ఆలోచించండి.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో టైల్ అంతా తట్టుకుంటూ వెళ్ళండి. గట్టిగా 'టక్ టక్' అంటే కింద బాగా పట్టి ఉన్నట్టు. గుల్ల శబ్దం వస్తే కింద ఖాళీ ఉంది, అలాంటి చోట గ్రైండర్ పెడితే అదురుకి టైల్ పగిలే ప్రమాదం ఉంది. కాలితో ఒత్తితే కదులుతోందంటే ఇక అంచు సంగతి పక్కన పెట్టండి, ముందు ఆ టైల్ తీసి మళ్ళీ వేయాలి. వరసగా రెండు మూడు టైల్స్ డేరాలా ఎదురెదురుగా పైకి లేస్తే గోడల వెంబడి వ్యాకోచానికి సందు వదల్లేదని అనుమానించాలి. దాన్ని అరగదీసి లాభం లేదు, ఆ ఒత్తిడి అలాగే ఉంటుంది, ఇంకో చోట లేస్తుంది.

కారణం కూడా ఓసారి గమనించండి, ఎంత పని చేయాలో అదే చెబుతుంది. ఒక్క మూలే లేచి ఉంటే ఆ టైల్ కింద గమ్ (టైల్‌ని నేలకి అంటించేది) సరిగ్గా పరవలేదు, నాలుగు చోట్ల ముద్దలు పెట్టి నొక్కేశారు. పొడుగాటి టైల్స్‌ని ఇటుక వరసలా సగానికి సగం జరిపి వేసిన నేలలో ప్రతి వరసలోనూ ఒకేచోట తేడా వస్తుంటే అది టైల్ వంపు వల్ల. పొడుగు టైల్ నడుము కాస్త ఉబ్బి ఉంటుంది, సగానికి జరిపితే ఒకదాని ఉబ్బు పక్కదాని చివరకి సరిగ్గా ఎదురొస్తుంది. 38 సెం.మీ. కన్నా పొడుగున్న టైల్‌ని మూడో వంతుకి మించి జరపొద్దనేది ఇందుకే. ఇలా నేలంతా ఉంటే ఒక్కో అంచునీ అరగదీస్తూ కూర్చోవడం తెలివైన పని కాదు. నడిచే దారిలో ఉన్నవి సరిచేసుకుని మిగతావి వదిలేయండి.

టైల్ ఏ రకమో తేల్చుకోండి

మిగిలిన ముక్క ఉంటే తీసి అంచు చూడండి. లేకపోతే గుమ్మం దగ్గరో, డ్రెయిన్ జాలీ తీసో, కోసిన అంచు ఎక్కడ కనిపిస్తే అక్కడ చూడండి. పైన పల్చని రంగు పొర, కింద ఎర్రటి లేదా తెల్లటి మట్టి ఒళ్ళు కనిపిస్తే అది గ్లేజు సిరామిక్. గ్లేజ్డ్ విట్రిఫైడ్ (బాగా ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరిచిన టైల్) కూడా ఇంతే, పైన ఉన్నది ప్రింటూ దాని మీద గ్లేజూ మాత్రమే. వీటిలో పైభాగం అసలు ముట్టుకోకూడదు. అంచు మొన మాత్రం అర మిల్లీమీటరు వరకు విరవొచ్చు.

పైనుంచి కింద దాకా ఒకే రంగు ఉంటే ఫుల్ బాడీ విట్రిఫైడ్, దీన్ని అరగదీయొచ్చు. డబుల్ చార్జ్ అయితే పైన రంగు పొర 3, 4 మి.మీ. మందం ఉంటుంది, 1 మి.మీ. దాకా తీసినా బయటపడదు. గ్రానైట్, మార్బుల్ లాంటి రాయి అయితే నిశ్చింతగా అరగదీసి మళ్ళీ పాలిష్ పెట్టుకోవచ్చు, నేలంతా ఎత్తుపల్లాలుంటే మెషిన్‌తో మొత్తం చదును చేయించుకోవచ్చు కూడా.

రకం తేలాక, వాడబోయే ప్యాడుతో ముందు మిగిలిన ముక్క మీద చేసి చూడండి. ముక్క లేకపోతే అల్మారా కింద ఎవరికీ కనపడని మూల. ఈ ఒక్క మెట్టు మాత్రం ఎవరూ దాటేయొద్దని బతిమాలుతున్నాను.

కావాల్సినవి

చేత్తో పట్టుకునే డైమండ్ ప్యాడ్లు 60, 120, 200, 400 నంబర్లవి. మెరుపు టైల్ అయితే 800, 1500, 3000 కూడా. నంబరు పెరిగేకొద్దీ ప్యాడు నునుపుగా ఉంటుంది. నంబర్లు కంపెనీని బట్టి అటూ ఇటూ ఉంటాయి, ఫర్వాలేదు. ప్యాడ్లు దొరక్కపోతే కార్బొరండం సానరాయి, ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండేది. వెడల్పు మాస్కింగ్ టేపు, నీళ్ళు చల్లే స్ప్రే సీసా, స్పాంజి, పాత బట్టలు, కొంచెం దూది. కళ్ళద్దాలు, ఎన్95 మాస్కు, మోకాళ్ళ కింద మెత్తగా ఏదైనా.

మాస్కు గురించి కాస్త గట్టిగానే చెప్తాను. టైల్‌లోనూ రాయిలోనూ సిలికా ఉంటుంది. పొడిగా గ్రైండ్ చేస్తే లేచే సన్నటి పొడి ఊపిరితిత్తుల్లో దిగి అక్కడే ఉండిపోతుంది, దాన్నుంచి వచ్చే సిలికోసిస్ నయమయ్యే జబ్బు కాదు. ఏళ్ళ తరబడి ఈ పనిలో ఉన్నవాళ్ళకి ముప్పు చాలా ఎక్కువ, అయినా మీ ఒక్క రోజు పనికి కూడా ఆ పొడి ఇల్లంతా పరుచుకుంటుంది, పిల్లలు ఆ నేల మీదే ఆడతారు. మామూలు వాక్యూమ్ క్లీనర్ పెడితే సన్నపొడి ఫిల్టర్ దాటి మళ్ళీ గాల్లోకే వస్తుంది, అతి సన్నటి పొడిని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే ఆపుతుంది. అన్నిటికన్నా తేలిక దారి నీళ్ళు. తడిపి అరగదీస్తే పొడి లేవదు, ముద్దగా అక్కడే ఉంటుంది.

కోసిన గరుకు అంచులు

అన్నిట్లో తేలికైనది ఇదే, పైగా కాళ్ళు కోసేది ఎక్కువగా ఇదే. గుమ్మం దగ్గర, డ్రెయిన్ చుట్టూ, తలుపు చౌకట్టు పక్కన కట్ చేసిన అంచు పైకి కనిపించేలా వదిలేస్తారు. ఫ్యాక్టరీ అంచుకి చిన్న వాలు ఉంటుంది, కోసిన అంచుకి ఉండదు, తేడా అంతా అదే.

పక్క టైల్ మీద అంచు వెంబడి రెండు వరసల టేపు అంటించండి. అంచు మీద నీళ్ళు చల్లి, 60 నంబరు ప్యాడుని టైల్ పైభాగానికి సుమారు 45 డిగ్రీల వాలులో పట్టుకోండి. తోసే దిశ ముఖ్యం: టైల్ పైనుంచి కిందికి, అంచు బయటి వైపుకి తోయాలి. కింది నుంచి పైకి లాగితే గ్లేజు పెచ్చులుగా లేచిపోతుంది, రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించినా అంతే. తోసి, ఎత్తి, మళ్ళీ పై నుంచి మొదలుపెట్టండి. మొదట కర్ కర్ మని గీరుకుంటున్న శబ్దం పదీ పదిహేను తోపుల్లో 'స్స్' మని మెత్తబడుతుంది, చేతికి పట్టు తగలడం ఆగిపోతుంది. అప్పుడు ఆపి, తుడిచి, 120కి మారండి. తర్వాత 200, 400. మొత్తం తీసేది ముప్పావు మిల్లీమీటరో, మహా అయితే ఒక మిల్లీమీటరో. గ్లేజు టైల్ అయితే అర మిల్లీమీటరు దగ్గరే ఆగిపోండి, కింద ఒళ్ళు సన్నని గీతలా కనిపించడం మొదలైందంటే చాలు.

అయిందో లేదో వేలితో చూడొద్దు, తడిగా ఉన్నప్పుడు వేలికి అంతా నునుపుగానే అనిపిస్తుంది. తుడిచి, ఆరనిచ్చి, దూది ముద్దని అంచు వెంబడి లాగండి. ఎక్కడ ఒక్క పోగు చిక్కుకున్నా ఆ చోట ఇంకా గరుకు ఉన్నట్టే. మా అమ్మ వేలు కోసిన అంచు మీద మూడోసారి లాగినప్పుడు గానీ దూది శుభ్రంగా బయటికి రాలేదు.

పైకి లేచిన అంచు

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది, రెండు టైల్స్‌నీ పూర్తిగా సమం చేసేయాలనుకోవడం. అది అవసరం లేదు. కాలికి తగిలేది ఎత్తు కాదు, నిటారుగా ఉన్న మొన. 1 మి.మీ. ఎత్తుని 5 సెం.మీ. వెడల్పున వాలుగా చేస్తే 50కి 1 వంతు వాటం, దాన్ని పాదం పసిగట్టలేదు.

గ్లేజు టైల్ అయితే ఆ వాలు కూడా తీయలేరు కాబట్టి పైన చెప్పినట్టు మొన విరిచి, మిగిలింది గ్రౌట్‌తో సర్దుకోవాలి. ఫుల్ బాడీ, డబుల్ చార్జ్, రాయి అయితే ఇలా చేయండి. అంచు నుంచి 5 సెం.మీ. లోపలికి పెన్సిల్‌తో పల్చగా అడ్డగీతలు గీయండి. పల్లపు టైల్‌కి టేపు వేయండి. తడిపి, 60 ప్యాడుని ఎత్తు టైల్ మీద పడుకోబెట్టినట్టు పెట్టి, బరువంతా అంచు వైపు వేస్తూ పొడవునా నడపండి. పెన్సిల్ గీతలు ముందు అంచు దగ్గర చెరిగి, లోపలికి వెళ్ళేకొద్దీ నెమ్మదిగా చెరగాలి. మధ్యలో ఒకచోట ముందే చెరిగిపోతే అక్కడ గుంట పడుతోందని అర్థం. రెండు నిమిషాలకోసారి తుడిచి స్కేలు పెట్టి చూడండి.

చేత్తో విట్రిఫైడ్ అరగదీయడం ఓపికతో కూడిన పని, ఒక్క అంచుకే అరగంట పట్టొచ్చు. నాలుగైదు అంచుల వరకు నేను చేత్తోనే చేయమంటాను, ఎందుకంటే చేత్తో చేస్తే చెడగొట్టడానికి కూడా అంతే టైమ్ పడుతుంది. అంతకు మించి ఉంటే మెషిన్. కానీ మామూలు 4 అంగుళాల గ్రైండర్ నిమిషానికి 10,000 చుట్లకి పైగా తిరుగుతుంది, చాలా పాలిషింగ్ ప్యాడ్ల మీద 4,500 దాటొద్దని రాసి ఉంటుంది. స్పీడు తగ్గించుకునే మెషినే కావాలి. నీళ్ళతో వాడాలంటే తడి పనికనే తయారుచేసిన మెషిన్, అది కూడా ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉన్న లైను నుంచి మాత్రమే. మామూలు గ్రైండర్ వాడుతూ పక్కన ఎవరితోనో నీళ్ళు పోయించుకోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. తడి మెషిన్ లేకపోతే పొడి ప్యాడ్లు వాడి, గ్రైండర్‌కి పొడి పట్టే తొడుగు బిగించి, దానికి హెపా వాక్యూమ్ కలపండి. మెషిన్‌ని ఒకేచోట ఆపొద్దు, ఒక్క క్షణం ఆగినా గుంట పడుతుంది.

ఇక మెరుపు. 60 తర్వాత 120, 200, 400, 800, 1500, 3000, ఒక్కటీ వదలకుండా వెళ్ళాలి. ఒక నంబరు ఒక దిశలో నడిపితే తర్వాతది అడ్డంగా నడపండి, పాత గీతలు పోయాయో లేదో అప్పుడు తెలుస్తుంది. 60 పెట్టిన గీతలు 800 దగ్గరకొచ్చాక కనిపిస్తే మళ్ళీ వెనక్కి 120కి పోవాల్సిందే. ప్రతి మార్పుకీ ముందు ముద్దని పూర్తిగా తుడవండి, ఆరిపోతే గ్రౌట్ రంధ్రాల్లో దిగి తెల్లగా పట్టేస్తుంది. ఇంత చేసినా ఫ్యాక్టరీ మెరుపు అచ్చంగా రాదు, పక్కనుంచి చూస్తే ఆ పట్టీ కాస్త మసకగా కనిపిస్తుంది. మ్యాట్ టైల్ అయితే 200, 400 దగ్గర ఆపేస్తే బాగా కలిసిపోతుంది. తడి పడే చోట జారకుండా గరుకు పైభాగం ఉన్న టైల్‌ని మాత్రం నున్నగా చేయకండి, 120 దగ్గరే ఆపండి.

అరగదీసిన చోట సన్నటి రంధ్రాలు తెరుచుకుంటాయి, మరక పట్టే అవకాశం ఉంది. ఆరాక ఒక నీటి చుక్క వేసి పది నిమిషాలు చూడండి. అక్కడ రంగు ముదిరితే లోపలికి ఇంకే రకం సీలర్ పూసి, మిగిలింది తుడిచేయండి.

గ్రౌట్‌తో సర్దడం

అంచులు రెండూ బానే ఉండి మధ్యలో గ్రౌట్ లోతుకి కుంగిపోయినా కాలికి మెట్టులాగే తగులుతుంది. పాత గ్రౌట్ మీద పల్చగా పూసేస్తే నెల తిరక్కుండా పెచ్చులూడుతుంది. జాయింటు లోతులో మూడింట రెండు వంతులు గీరి తీసేసి, పొడి ఊడ్చి, కొత్తది నింపండి. సందు 3 మి.మీ. కన్నా తక్కువైతే ఇసుక లేని గ్రౌట్, ఎక్కువైతే ఇసుక ఉన్నది. రెండు వైపులా ఎత్తు తేడా ఉంటే గ్రౌట్‌ని ఎత్తు టైల్ నుంచి పల్లపు టైల్‌కి వాలుగా స్పాంజితో దిద్దండి. సన్నటి జాయింట్లలో దీని ప్రభావం పెద్దగా ఉండదు, వెడల్పు జాయింట్లలో బాగా పనిచేస్తుంది. అరగదీసే పని ఉంటే అదంతా అయ్యాకే గ్రౌట్.

పెచ్చు ఊడిన అంచులు

చిన్న పెచ్చు అయితే రెండు భాగాలు కలిపే ఎపాక్సీ చాలు. ముందు గరుకుని 120తో సాపు చేసి, తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. ఎపాక్సీలో రంగు పొడి కలిపి టైల్ రంగుకి దగ్గర చేయండి, అచ్చం రాకపోతే ఒక పిసరు ముదురుగా ఉండనివ్వండి, లేత మచ్చే కంటికి ముందు పడుతుంది. గుంట కన్నా కాస్త ఎక్కువ నింపి, అది సబ్బుబిళ్ళలా గట్టిపడే దశలో కొత్త బ్లేడుని టైల్ మీద పడుకోబెట్టి పైన పొంగిన దాన్ని కోసేయండి. పూర్తిగా రాయిలా అయ్యాక కోయబోతే మొత్తం ఊడి వస్తుంది. 24 గంటలు ఎవరూ తొక్కకుండా చూసుకోండి. నెయిల్ పాలిష్ పూసేవాళ్ళున్నారు, నడిచే చోట అది నిలవదు.

మార్చక తప్పని టైల్

గుల్లగా ఉన్నదీ, గ్లేజు టైల్ అయ్యుండి 1.5 మి.మీ. కన్నా ఎక్కువ లేచినదీ మార్చడమే మేలు. కింద పైపులు, వైర్లు, నేల వేడి చేసే ఏర్పాటు లాంటివి ఏమున్నాయో ముందు కనుక్కోండి. నాలుగు వైపులా గ్రౌట్ పూర్తిగా తీసేసిన తర్వాతే సుత్తి పట్టండి, లేకపోతే ఆ దెబ్బ నేరుగా పక్క టైల్ అంచుకి వెళ్ళి ఇంకో పెచ్చు ఊడుతుంది. మధ్యలో పగలగొట్టి, పక్క టైల్స్‌కి దెబ్బ తగలకుండా ఉలితో ముక్కలు ఎత్తుకుంటూ రండి. పాత గమ్ అంతా చెక్కేయాలి. ఇక్కడ బద్ధకిస్తే కొత్త టైల్ కూడా ఎత్తుగానే కూర్చుంటుంది. గమ్ లేకుండా ఓసారి పెట్టి చూడండి, పక్కవాటికన్నా కనీసం 3 మి.మీ. కిందికి దిగాలి. తర్వాత నేలకీ టైల్ వెనకా రెండింటికీ గమ్ పరిచి, వేసి, లెవెలింగ్ క్లిప్పులతో (పక్కపక్క అంచుల్ని ఒకే ఎత్తులో పట్టి ఉంచేవి) పక్క టైల్స్‌తో సమంగా బిగించండి. 24 గంటలు నడవొద్దు, ఆ తర్వాతే గ్రౌట్.

గ్రౌట్ గట్టిపడ్డాక చెప్పుల్లేకుండా నడిచి చూడండి, ఒకవైపు నుంచే కాదు, ప్రతి జాయింటునీ రెండు వైపుల నుంచీ దాటండి. ఎత్తు నుంచి పల్లానికి దిగేటప్పుడు ఏ అంచూ తగలదు, పల్లం నుంచి ఎత్తుకి పాదం ఈడ్చుకుంటూ వెళ్ళినప్పుడే తగులుతుంది. ఎక్కడైనా తగిలితే ఆ చోట టేపు ముక్క అంటించి, 200 ప్యాడుతో ఇంకో పది తోపులు.